‘అట్లాంటా’ను మెచ్చుకున్నదెందుకు, తప్పుపట్టినదెందుకు

2016 సెప్టెంబరు 6న అమెరికాలోని ఎఫ్‌ఎక్స్ చానల్లో ‘అట్లాంటా’ అనే అరగంట కామెడీ మొదలైంది. 2022 నవంబరు 10న ముగిసింది. నాలుగు సీజన్లు, 41 ఎపిసోడ్లు. ఈ ఆరేళ్లలో దాని మీద వచ్చిన సమీక్షలను వరసగా చదువుకుంటూ పోతే ఒక విషయం తేటగా కనిపిస్తుంది. మొదట్లో ఏ గుణాన్ని చూసి విమర్శకులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారో, మూడో సీజన్‌కు వచ్చేసరికి వాళ్లలో చాలామంది ఆ గుణాన్నే తప్పుపట్టారు. ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పకపోవడమే ఆ గుణం. సిరీస్ నిజంగా దారి తప్పిందా, లేక దాని నుంచి ఆశించింది మారిందా? రెండింటిలోనూ నిజం ఉంది. కానీ ఆ రెండు నిజాలూ సమానం కావు.

కథగా చెప్పుకోవాలంటే పెద్దగా ఏమీ లేదు. ఎర్న్ అనే కుర్రాడు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో చదువు మధ్యలో ఆపేసి అట్లాంటాకు వచ్చేస్తాడు. చేతిలో డబ్బు లేదు, తనదంటూ ఒక ఇల్లు లేదు. వ్యాన్ అనే అమ్మాయితో అతనికి ఒక పాప ఉంది. ఇద్దరూ కలిసి ఉన్నట్టో లేనట్టో వాళ్లకే తెలియదు. అతని కజిన్ ఆల్ఫ్రెడ్ ‘పేపర్ బాయ్’ అనే పేరుతో చేసిన ర్యాప్ పాట అప్పుడే రేడియోలో వినిపించడం మొదలవుతుంది. తనను మేనేజర్‌గా పెట్టుకోమని ఎర్న్ వెంటపడతాడు. ఆల్ఫ్రెడ్ స్నేహితుడు డేరియస్ వీళ్లతో పాటే ఉంటాడు. ఎర్న్‌గా డోనల్డ్ గ్లోవర్, ఆల్ఫ్రెడ్‌గా బ్రయన్ టైరీ హెన్రీ, డేరియస్‌గా లకీత్ స్టాన్‌ఫీల్డ్, వ్యాన్‌గా జాజీ బీట్జ్ నటించారు. ఎక్కువ ఎపిసోడ్లకు హిరో మురాయి దర్శకుడు.

సిరీస్‌ను తయారుచేసిన గ్లోవర్ అప్పటికే ‘30 రాక్’కు రచయితగా, ‘కమ్యూనిటీ’లో నటుడిగా, చైల్డిష్ గాంబినో పేరుతో ర్యాపర్‌గా తెలిసినవాడే. పెరిగింది అట్లాంటా పక్కన ఉన్న స్టోన్ మౌంటెన్‌లో. బానిసత్వాన్ని నిలబెట్టడానికి యుద్ధం చేసిన కాన్ఫెడరేట్ నాయకుల బొమ్మలను ఒక పెద్ద కొండ మీద చెక్కి ఉంచిన ఊరది. తన సిరీస్ గురించి అడిగితే, వింతలకు పేరుపడ్డ పాత టీవీ సిరీస్ ‘ట్విన్ పీక్స్’ను ర్యాపర్లతో తీయాలనుకున్నానని చెప్పాడు. ఆ ఒక్క మాటను పట్టుకుని తర్వాత వందల సమీక్షలు నడిచాయి.

మొదటి సీజన్ వచ్చిన కాలాన్ని కూడా చూడాలి. ఆస్కార్ నామినేషన్లలో నల్లజాతి నటులు ఒక్కరూ లేరన్న గొడవ ఆ ఏడాది మొదట్లోనే జరిగింది. ‘అట్లాంటా’ మొదలైన రోజే మరో చానల్లో ‘క్వీన్ షుగర్’ మొదలైంది. నెల తిరగ్గానే హెచ్‌బీఓలో ‘ఇన్‌సెక్యూర్’ వచ్చింది. నల్లజాతి జీవితాల గురించి నల్లజాతివాళ్లే రాసిన కథల కోసం విమర్శకులు ఎదురుచూస్తున్న సమయమది. ‘అట్లాంటా’ రచయితల బృందంలో అందరూ నల్లజాతివాళ్లే. వాళ్లలో చాలామంది అంతకుముందు టీవీకి రాసినవాళ్లు కాదు. తెల్లజాతి ప్రేక్షకుడికి అర్థమవుతుందా లేదా అన్న లెక్క లేకుండా మాటలు రాశారు. లెమన్ పెప్పర్ వింగ్స్ (నిమ్మ, మిరియాలు వేసిన కోడి రెక్కలు) డబ్బా తెరిస్తే వెలుగు చిమ్మే సీను ఎందుకంత నవ్వు తెప్పిస్తుందో ఆ ఊరివాళ్లకు తెలుసు. తెలియనివాళ్ల కోసం సీను ఆగదు. విమర్శకులు దీన్ని గొప్ప ఆత్మవిశ్వాసంగా చూశారు. వాళ్లు చూసింది నిజమే.

అవార్డులు కూడా వెంటనే వచ్చాయి. 2017 జనవరిలో కామెడీ విభాగంలో ఉత్తమ సిరీస్‌గా, ఉత్తమ నటుడిగా రెండు గోల్డెన్ గ్లోబ్‌లు. ఆ వేదిక మీద గ్లోవర్ తన సిరీస్‌లో చిన్న పాత్రలో కనిపించిన మిగోస్ అనే ర్యాప్ బృందానికి ‘బ్యాడ్ అండ్ బూజీ’ పాట చేసినందుకు కృతజ్ఞతలు చెప్పాడు. అప్పటికే పైకి వెళ్తున్న ఆ పాట ఆ వారమే బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది సెప్టెంబరులో ఎమ్మీ. కామెడీ సిరీస్‌లో ఉత్తమ నటుడితో పాటు దర్శకుడి అవార్డూ గ్లోవర్‌కే దక్కింది. కామెడీ దర్శకత్వానికి ఎమ్మీ అందుకున్న మొదటి నల్లజాతి దర్శకుడు అతనే. నల్లజాతివాళ్లను అణచివేతకు గురైనవాళ్ల జాబితాలో ముందుకు తెచ్చినందుకు ట్రంప్‌కు థాంక్స్ అని, తానక్కడ నిలబడటానికి బహుశా ఆయనే కారణమని ఆ వేదిక మీదే అన్నాడు. హాల్లో అందరూ నవ్వారు. కానీ ఆ మాటలో ఒక అనుమానం ఉంది: ఈ చప్పట్లు నా పనికా, ఈ కాలానికా? సిరీస్‌కు వచ్చిన ఆదరణను అర్థం చేసుకోవడానికి ఈ ప్రశ్నకు మించిన దారి లేదు.

మొదటి సీజన్ సమీక్షల్లో ఎక్కువగా కనిపించేవి సిరీస్‌లోని వింతలే. క్లబ్బు బయట మనుషులను గుద్దుకుంటూ పోయే, కంటికి కనిపించని కారు. తెల్లజాతి పాప్ గాయకుడు జస్టిన్ బీబర్ పాత్రను ఒక నల్లజాతి కుర్రాడు చేయడం, ఆ విషయాన్ని కథలో ఎవరూ పట్టించుకోకపోవడం. ‘బి.ఎ.ఎన్.’ ఎపిసోడ్ మొత్తాన్నీ ఒక కల్పిత నల్లజాతి టీవీ చానల్ కార్యక్రమంగా, మధ్యలో కల్పిత యాడ్లతో సహా చూపించడం. ఇవన్నీ మెచ్చుకోదగ్గవే. కానీ ఆ సీజన్‌ను మొదటి నుంచి చివరిదాకా కలిపి ఉంచింది వింత కాదు, డబ్బు. వ్యాన్‌తో హోటల్‌కు వెళ్లిన ఎర్న్ మెనూలో ధరలు చూసి చెమటలు కక్కుతుంటాడు. ఫోన్ అమ్మబోయి డేరియస్ మాట విని దాన్ని కత్తికి, కత్తిని కుక్కకి మారుస్తాడు. ఎప్పుడో నెలల తర్వాత వేల డాలర్లు వస్తాయంటారు. ఆ డబ్బు తనకు ఈ రోజే కావాలని, పేదవాడికి పెట్టుబడి పెట్టి ఎదురుచూసే తీరిక ఉండదని ఎర్న్ విరుచుకుపడతాడు. సీజన్ ఆఖరున చేతికొచ్చిన కాస్త డబ్బులో కొంత వ్యాన్‌కు ఇచ్చి, సామాన్లు దాచుకునే అద్దె గదిలో పడుకుంటాడు. పాట రేడియోలో మోగుతూనే ఉంటుంది.

పేరు రావడానికి, డబ్బు రావడానికి మధ్య ఉన్న ఈ ఎడం షో బిజినెస్ గురించి ఈ సిరీస్ చెప్పిన అన్నిటికంటే సొంతమైన మాట. రెండో ఎపిసోడ్‌కే ఆల్ఫ్రెడ్‌ను ఊళ్లో గుర్తుపట్టడం మొదలుపెడతారు. వాళ్లు గుర్తుపట్టేది పాటను మాత్రమే కాదు, అతను తుపాకీ పేల్చాడన్న వార్తను కూడా. వింగ్స్ ఇచ్చిన హోటల్ కుర్రాడు మెచ్చుకుంటాడు, మెచ్చుకున్న నోటితోనే తమను నిరాశపరచొద్దని భయపెడతాడు. బీబర్ ఎపిసోడ్‌లో ఒక జర్నలిస్టు ఆల్ఫ్రెడ్‌కు ఇదే సంగతిని సూటిగా చెబుతుంది: మంచివాడిగా ఉండటం నీకు కేటాయించిన పని కాదు. వర్ణవివక్ష గురించిన కామెడీ అంటే పోలీసులు, తిట్లు, గొడవలు అనుకునేవాళ్లకు ఇక్కడ వేరే సంగతి కనిపిస్తుంది. నల్లజాతి ర్యాపర్‌కు పేరుతో పాటు ఒక వేషం కూడా ఇస్తారు. దాన్ని విప్పేస్తే పేరు పోతుంది. వేసుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. ‘అధివాస్తవికం’ అన్న మాటను పదేపదే వాడిన సమీక్షల్లో ఈ లెక్కకు దక్కాల్సిన చోటు దక్కలేదు.

2018 మార్చిలో వచ్చిన రెండో సీజన్‌కు ‘రాబిన్ సీజన్’ అని పేరు పెట్టారు. క్రిస్మస్ ముందు రోజుల్లో అట్లాంటాలో దొంగతనాలు పెరుగుతాయి, దాన్నిబట్టి వచ్చిన పేరది. ఈ సీజన్ గురించి మాట్లాడినవాళ్లంతా ఏప్రిల్ 5న వచ్చిన ‘టెడ్డీ పర్కిన్స్’ దగ్గర ఆగారు. రంగురంగుల మెట్లున్న పియానో ఉచితంగా ఇస్తారని తెలిసి డేరియస్ ఒక పాత బంగళాకు వెళ్తాడు. అక్కడ పాలిపోయిన తెల్లని ముఖంతో, సన్నని గొంతుతో టెడ్డీ కనిపిస్తాడు. ఒకప్పుడు పెద్ద సంగీతకారుడైన సోదరుడు ఆ ఇంట్లోనే ఉన్నాడని చెబుతాడు. తండ్రి కొట్టి కొట్టి తమకు సంగీతం నేర్పాడని, గొప్పతనం నొప్పిలోంచే వస్తుందని గర్వంగా చెప్పుకుంటాడు. పిల్లలను కఠినంగా పెంచిన తండ్రుల పేరు మీద ఇంట్లో ఒక మ్యూజియం కూడా తయారుచేస్తుంటాడు. ఆ ముఖానికి తెల్లని మేకప్ వేసుకున్నది గ్లోవరే. టైటిల్స్‌లో మాత్రం ఆ పేరు వేయలేదు, టెడ్డీ పాత్రలో టెడ్డీయే అని వేశారు. చానల్ ఆ ఎపిసోడ్‌ను మధ్యలో యాడ్లు లేకుండా ప్రసారం చేసింది.

మైకేల్ జాక్సన్‌ను తలచుకోకుండా దాన్ని చూడటం కష్టం. విమర్శకులు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టారు. ఏడాది కిందట వచ్చిన ‘గెట్ అవుట్’ సినిమాతో పోల్చారు. అందులోనూ స్టాన్‌ఫీల్డ్ ఉండటంతో పోలిక ఇంకా సులువైంది. కానీ ఎపిసోడ్ బరువంతా డేరియస్ చెప్పే జవాబులో ఉంది. గొప్పదంతా నొప్పిలోంచే రానక్కర్లేదు, ప్రేమలోంచి కూడా వస్తుందని అతను అంటాడు. నల్లజాతి కళాకారుడి గొప్పతనాన్ని అతని కష్టాలతో మాత్రమే కొలిచే అలవాటు సంగీత పరిశ్రమకే కాదు, సమీక్షలు రాసేవాళ్లకూ ఉంది. ఆ ఎపిసోడ్‌ను ఆకాశానికెత్తిన రాతల్లోనే ఆ అలవాటు కనిపించడం బాధ కలిగిస్తుంది.

ఆ ఎపిసోడ్ విజయం మరో పని కూడా చేసింది. కథతో సంబంధం లేకుండా విడిగా చూసి మాట్లాడుకోదగ్గ ఎపిసోడ్ కోసం అప్పటి నుంచి అందరూ ఎదురుచూడటం మొదలుపెట్టారు. రెండు వారాల తర్వాత వచ్చిన ‘వుడ్స్’ మాత్రం నెమ్మదిగా నడుస్తుంది. అభిమానులమని పలకరించిన కుర్రాళ్లే ఆల్ఫ్రెడ్‌ను తుపాకీ చూపించి దోచుకుంటారు. పారిపోయి అడవిలో దారి తప్పుతాడు. ఒక ముసలివాడు వెంటపడి, కదలకపోతే ఇక్కడే చస్తావంటాడు. అంతకుముందు దాకా పేరొచ్చినా మామూలుగానే ఉంటానని పట్టుబట్టిన ఆల్ఫ్రెడ్, బయటికొచ్చాక పెట్రోల్ బంకులో కనిపించిన ఒక అభిమానితో మొదటిసారి ఓపిగ్గా ఫొటో దిగుతాడు. ముఖం మీద నెత్తురు ఇంకా ఆరలేదు. తల్లి పోయిన దుఃఖం ఆ కథంతా ఉంటుంది. ఆల్ఫ్రెడ్‌గా నటించిన హెన్రీ తల్లి కూడా 2016లో చనిపోయారు. ఆ ఎపిసోడ్‌ను ఆమెకు అంకితం చేశారు. షో బిజినెస్‌లో పేరు మనిషిని ఎలా వంచుతుందో చెప్పడంలో ‘టెడ్డీ పర్కిన్స్’ కంటే ‘వుడ్స్’ ఒక మెట్టు పైనే ఉంది. దానికి మెచ్చుకోళ్లు రాలేదని కాదు. కానీ ఆ ఏడాది ‘అట్లాంటా’ పేరెత్తితే అందరికీ గుర్తొచ్చింది తెల్లని ముఖమే.

ఎమ్మీల్లో ఆ సీజన్‌కు 16 నామినేషన్లు వచ్చాయి. గెలిచినవి మూడు: అతిథి పాత్రకు క్యాట్ విలియమ్స్, ‘టెడ్డీ పర్కిన్స్’కు ఛాయాగ్రహణం, సౌండ్ ఎడిటింగ్. ఉత్తమ కామెడీ అవార్డు ‘ది మార్వలస్ మిసెస్ మైసెల్’కు వెళ్లింది. ‘అట్లాంటా’కు ఆ అవార్డు ఎప్పటికీ రాలేదు. అప్పటికి గ్లోవర్ పేరు సిరీస్‌ను మించిపోయింది. అదే ఏడాది మేలో మురాయి దర్శకత్వంలోనే వచ్చిన ‘దిస్ ఈజ్ అమెరికా’ వీడియో ప్రపంచమంతా తిరిగింది. 2019లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్, సాంగ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీలు రెండూ గెలిచింది. ర్యాప్ పాటకు ఆ గౌరవం అదే మొదటిసారి.

ఇక్కడ నల్లజాతి కమెడియన్ డేవ్ షాపెల్ అనుభవాన్ని గుర్తుచేసుకోవాలి. కామెడీ సెంట్రల్‌లో అతని షోకు ఎంత ఆదరణ ఉండేదంటే, 5 కోట్ల డాలర్ల ఒప్పందం చేతికొచ్చింది. 2005లో దాన్ని వదిలేసి దక్షిణాఫ్రికా వెళ్లిపోయాడు. నల్లజాతి వాళ్ల మీది మూస బొమ్మలను ఎగతాళి చేసే ఒక స్కెచ్ షూటింగులో ఒక తెల్లజాతి వ్యక్తి నవ్విన తీరు తనను కలవరపెట్టిందని తర్వాత ఓప్రా విన్‌ఫ్రీ కార్యక్రమంలో చెప్పాడు. ఆ మనిషి నవ్వింది మూసను ఎగతాళి చేసినందుకా, మూసను చూసేనా? జాతి గురించి కామెడీ చేసే ప్రతివాళ్లకూ ఎదురయ్యే చిక్కు ఇది. ‘అట్లాంటా’ దీనికి కనిపెట్టిన మార్గం నవ్వును గొంతులోనే ఆపేయడం. ఎక్కడ నవ్వాలో తేల్చుకోలేక ప్రేక్షకుడు ఇబ్బంది పడాలి. మొదటి రెండు సీజన్లకు ఆ మార్గం పనికొచ్చింది.

కరోనా వల్ల కూడా ఆలస్యమై దాదాపు నాలుగేళ్ల తర్వాత, 2022 మార్చి 24న మూడో సీజన్ వచ్చింది. ఆల్ఫ్రెడ్ ఇప్పుడు యూరప్‌లో కచేరీలు చేసే స్టార్. కానీ మొదటి ఎపిసోడ్ ‘త్రీ స్లాప్స్’లో అసలు పాత్రల కథే లేదు. తెల్లజాతి మహిళల జంట ఒకటి నల్లజాతి పిల్లలను దత్తత తీసుకుని హింసించే కథ అది. 2018లో కాలిఫోర్నియాలో దత్తత పిల్లలతో సహా కారును కొండ అంచు నుంచి సముద్రం వైపు పోనిచ్చిన నిజమైన ఘోరం దానికి ఆధారం. పది ఎపిసోడ్లలో నాలుగు ఇలాంటి విడి కథలే. వాటిలో ఎక్కువగా చర్చ జరిగింది ‘ది బిగ్ పేబ్యాక్’ మీద. తన పూర్వీకులను బానిసలుగా ఉంచిన కుటుంబపు వారసుడి మీద ఒక నల్లజాతి మహిళ పరిహారం కోసం దావా వేస్తుంది. కథంతా ఆ తెల్లజాతి మనిషి భయం వెంట నడుస్తుంది. కొందరు దీన్ని ధైర్యం అన్నారు. కొందరు, వాళ్లలో నల్లజాతి విమర్శకులు చాలామంది, ఇది తెల్లజాతివాళ్ల కోసం తీసిన కథ అన్నారు.

ఆ విమర్శలో సగమే నిలుస్తుంది. పరిహారం అనే మాట వినగానే ఎవరికి నిద్ర పట్టదో వాళ్ల ఇంట్లోంచి కథ చెప్పడంలో తప్పు లేదు. కాకపోతే ‘వివరించదు’ అని మెచ్చుకున్న సిరీస్ ఇక్కడ నిజంగానే వివరించడం మొదలుపెట్టింది. ఆ తెల్లజాతి మనిషికి హోటల్లో ఎదురైన అపరిచితుడు బానిసత్వపు అప్పు గురించి పాఠంలా చెప్పేస్తాడు. మొదటి సీజన్ అయితే ఆ మాటలు రాసేది కాదు. విడి కథలు పెట్టడం దోషం కాదు, వాటిలో పాత్రలు మనుషులుగా కాక వాదనలుగా మారడమే దోషం.

ఈ సిరీస్‌లో కనిపించే నగరం గురించి ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. అట్లాంటా అనగానే చాలామంది తెలుగువాళ్లకు గుర్తొచ్చేవి ఉత్తర శివార్లు: ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్, కమ్మింగ్. వేల తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. కమ్మింగ్ ఉన్న ఫోర్సిత్ కౌంటీ నుంచి 1912లో వెయ్యి మందికి పైగా నల్లజాతివాళ్లను మూకలు బెదిరించి తరిమేశాయి. దశాబ్దాల పాటు అక్కడ నల్లజాతి కుటుంబాలు దాదాపు కనిపించలేదు. 1987 జనవరిలో దానికి నిరసనగా ఊరేగింపు చేస్తే రాళ్లు పడ్డాయి. వారం తర్వాత దాదాపు 20 వేల మంది మళ్లీ నడిచారు. ‘ది బిగ్ పేబ్యాక్’ను ఊహాకథ అనుకుని చూసే ముందు, అక్కడ ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు ఈ చరిత్ర తెలుసుకోవాలి. నేల ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వచ్చిందన్నది అక్కడ నిన్నమొన్నటి సంగతి.

మూడో సీజన్ మీద వచ్చిన విమర్శల్లో పూర్తిగా నిలిచేది వ్యాన్ గురించినది. దీన్ని గట్టిగా చెప్పింది నల్లజాతి మహిళలు. మొదటి సీజన్‌లో ‘వాల్యూ’ ఎపిసోడ్ వ్యాన్‌దే. స్నేహితురాలితో గంజాయి తాగి, మర్నాడు ఉద్యోగంలో మూత్ర పరీక్ష ఉందని గుర్తొచ్చి ఆమె పడే టెన్షన్ నవ్విస్తుంది, నొప్పీ పెడుతుంది. అలాంటి పాత్ర మూడో సీజన్‌లో కారణం చెప్పకుండా కనిపిస్తూ మాయమవుతూ ఉంటుంది. ఆఖరి ఎపిసోడ్‌లో పారిస్‌లో వేరే మనిషిలా దొరుకుతుంది. ఆమె ఏడ్చి మనసు విప్పే క్షణాన్ని బీట్జ్ అద్భుతంగా చేసింది. కానీ ఆ ఏడుపు ఎక్కడి నుంచి వచ్చిందో సిరీస్ మనకు చూపించలేదు. ఆల్ఫ్రెడ్ లోపలికి వెళ్లడానికి ఒక అడవిని ఇచ్చిన రచన, వ్యాన్‌కు మాత్రం ఒక విగ్గును, ఫ్రెంచి యాసను ఇచ్చింది. సీజన్ నడుస్తుండగానే గ్లోవర్ ‘ఇంటర్వ్యూ’ పత్రికలో తనను తానే ఇంటర్వ్యూ చేసుకుంటూ, నల్లజాతి మహిళలంటే భయమా అన్న ప్రశ్న వేసుకుని సూటిగా జవాబు చెప్పలేదు. అది కోపాన్ని పెంచింది. వివరించకపోవడం అనే గుణం పాత్రను పట్టించుకోకపోవడానికి ముసుగు అయిందని ఆ మహిళలు అన్నారు. ఈ మాటను మొదటి రెండు సీజన్లప్పుడే విమర్శకులు ఇంకాస్త గట్టిగా అని ఉంటే సిరీస్‌కే మేలు జరిగేది.

ఆ ఏడాది ఉత్తమ కామెడీ ఎమ్మీకి నామినేషన్ కూడా రాలేదు. నల్లజాతి ఉపాధ్యాయుల కథతో, అందరికీ అర్థమయ్యే నవ్వుతో వచ్చిన ‘అబాట్ ఎలిమెంటరీ’కి వచ్చింది. 2022 సెప్టెంబరులో మొదలైన నాలుగో సీజన్ మళ్లీ అట్లాంటాకు తిరిగొచ్చింది. ఎర్న్ కుటుంబం అడవిలో గుడారం వేసుకుని గడిపిన రాత్రి, ఆల్ఫ్రెడ్ పల్లెలో కొనుక్కున్న పొలం. సమీక్షలు మెత్తబడ్డాయి, చూసేవాళ్లు మాత్రం బాగా తగ్గిపోయారు.

ఆ సీజన్‌లో రెండు ఎపిసోడ్లు అట్లాంటా షో బిజినెస్ మీదికే గురిపెట్టాయి. జార్జియా 2008 నుంచి సినిమా, టీవీ చిత్రీకరణలకు 30 శాతం దాకా పన్ను రాయితీ ఇస్తోంది. హాలీవుడ్ పని పెద్ద ఎత్తున అక్కడికి తరలిరావడానికి అదే ముఖ్య కారణం. ఒకప్పటి సైనిక స్థావరమైన ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌లో నల్లజాతి సినీ నిర్మాత టైలర్ పెర్రీ 330 ఎకరాల స్టూడియో నడుపుతున్నాడు. ‘వర్క్ ఎథిక్’లో అలాంటి ఒక స్టూడియో అధిపతి వ్యాన్ కూతురిని తన షోలో బలవంతంగా వాడుకోబోతాడు. నల్లజాతివాడు యజమాని అయినంత మాత్రాన పని పద్ధతి మారుతుందా అన్నది అక్కడి ప్రశ్న. రెండోది ‘ది గూఫ్ హూ సాట్ బై ది డోర్’. నిజమైన డాక్యుమెంటరీలాగే తీసిన ఈ కల్పితంలో, 1992 లాస్ ఏంజెలెస్ అల్లర్ల సమయంలో పొరపాటున ఒక నల్లజాతి యానిమేటర్ డిస్నీకి సీఈఓ అవుతాడు. అన్నిటికంటే నల్లజాతి సినిమా తీయాలని, అదీ డిస్నీ కార్టూన్ పాత్ర గూఫీతో తీయాలని పట్టుబడతాడు. కంపెనీ అతని నుంచి పదవినీ సినిమానూ లాగేసుకుంటుంది.

ఈ ఎపిసోడ్‌ను ఆ సీజన్‌లోనే మేలైనదిగా చాలామంది రాశారు. అది ప్రసారమయ్యే నాటికి ఎఫ్‌ఎక్స్ డిస్నీ చేతికి వచ్చి మూడేళ్లు దాటింది. కంపెనీ ఈ కథను ఎలా ఒప్పుకుందని సమీక్షల్లో ఆశ్చర్యపోయారు. ఒప్పుకోవడానికి కారణం ఆ సినిమా కథలోనే ఉంది. తన మీద వేసిన విమర్శను కూడా తన పేరు మీదే అమ్ముకోగలదా సంస్థ. గ్లోవర్ బృందానికి ఇది తెలుసు. తెలిసీ ఆ యానిమేటర్‌ను హాస్యపాత్రగా వదిలేయలేదు. అతని భార్య, సహోద్యోగులు అతని గురించి మాట్లాడే తీరులో నిజమైన మనిషిని పోగొట్టుకున్న దిగులు ఉంది. మూడో సీజన్ విడి కథల్లో లోపించింది సరిగ్గా అదే.